నీ పేరున ఒక పచ్చి పుల్ల

బిసౌనా,
చైత్రం, బురాంశ్ పూలు రాలుతున్న రోజులు

మధులీ,

ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చుని చదువు. నాకు ఉద్యోగం వచ్చింది!

నైనీతాల్‌లో సాహ్‌జీ అని ఒకాయన, మైదానాల జనాన్ని కొండలు ఎక్కించే కంపెనీ పెట్టాడు. ఎప్పుడూ కొండెక్కనివాళ్ళకీ, మోకాళ్ళ నొప్పులవాళ్ళకీ సరిపోయే సులువైన దారి ఒకటి కావాలన్నాడట. ఏ దారి ఎంచుకున్నాడో తెలుసా? మనం గడ్డికి వెళ్ళే దారి. మోటారు రోడ్డు దగ్గర బస్సు దిగి, బాంజ్ చెట్ల అడవి దాటి, ఖీమ్‌దా కొట్లో చాయ్ తాగి, కట్టెలవ్వ కనుమ ఎక్కి, మన ఊరి పైనున్న పచ్చిక మీద గుడారాల్లో పడుకోవడం. మర్నాడు దిగిపోవడం. అంతే! దారి తెలిసి, ఇంటర్ చదివిన అమ్మాయి కావాలన్నారు. ఈ చుట్టుపక్కల ఆ రెండూ ఉన్నది నేనే.

మా బాబు ముందు నవ్వాడు. "మేకలు వాటంతటవే పోయే దారి కదే. దానికి మనిషిని పెట్టుకుని జీతమిస్తారా వాళ్ళు?" అన్నాడు. తర్వాత ఆ ఉద్యోగం కాగితం తీసుకుని గుమ్మంలో కూర్చుని చాలాసేపు చూశాడు. తలకిందులుగా పట్టుకున్నాడు. నేను సరిచేయలేదు.

నిన్ననే మొదటి గుంపుని తీసుకెళ్ళి వచ్చాను. కలకత్తావాళ్ళు. ఎండ మండిపోతుంటే చెవులు మూసే ఉన్ని టోపీలు పెట్టుకున్నారు. మిత్రా బాబు అని ఒక పెద్దాయన పది అడుగులకోసారి ఆగి "అమ్మాయ్, ఇంకెంత దూరం?" అనడం, నేను "అదిగో, ఆ మలుపే" అనడం. చివరికి ఆయన, "మీ కొండల్లో అబద్ధాలకి కూడా మలుపులుంటాయి తల్లీ" అన్నాడు.

కనుమ మీద అందరి చేతా కట్టెలవ్వ కుప్పమీద పుల్లలు పెట్టించాను. అలసట అవ్వకి ఇచ్చేసి ముందుకు నడవండి అంటే పిల్లల్లా సంబరపడ్డారు. నా పుల్ల నేను పెట్టాను. ఆ తర్వాత నువ్వు గుర్తొచ్చావు. ఇది చైత్రం. ఊళ్ళో ప్రతి అన్నా పుట్టింటి కానుకగా భిటౌలీ మూటగట్టుకుని చెల్లెలి అత్తవారింటికి బయల్దేరుతున్నాడు. నీకా, అన్నా లేడు, తమ్ముడూ లేడు. నిన్ను కన్న మీ ఇజా ఒక్కతే గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళ మూటల వంక చూస్తోంది.

అందుకని ఇంకో పచ్చి పుల్ల విరిచి నీ పేరున పెట్టాను. వీపున మోసే బిడ్డ పేరున తల్లి పెడుతుంది కదా, అలాగే నిన్ను మోసుకొచ్చాననుకున్నాను. ఇదే నీ భిటౌలీ.

నీ
హంసా


హల్ద్వానీ,
చైత్రం చివర

హంసా,

కూర్చుని కూడా కాదు, పడుకుని చదివాను. నన్ను లేవనిచ్చేదెవరు? నీకు చెప్పలేదు, చెబితే దిష్టి తగులుతుందేమోనని. మళ్ళీ నెల తప్పింది, ఇప్పుడు ఐదో నెల. పోయినేడు జారిపోయిందని ఈసారి డాక్టరమ్మ మంచం దిగొద్దంది. మా అత్తగారు మంచం కాళ్ళకింద ఇటుకలు పెట్టించి నా పాదాలు ఎత్తుగా ఉంచింది. ఆవిడ చెడ్డమనిషి కాదు. నన్ను గాజు సామానులా చూసుకుంటుంది. గాజు సామాను ఉండాల్సింది అలమరలోనే కదా!

ఈయన కలప డిపోకి వెళ్ళిపోతే పైన ఫ్యాను తిరుగుతుంటుంది, కింద నేనుంటాను. కొండలవైపు ఒక కిటికీ ఉంది. కానీ ఈ ఎండాకాలం దుమ్ములో ఏ కొండా కనబడదు.

ఒక సంగతి చెప్తాను, నవ్వకు. నీ ఉత్తరం రాకముందే, మధ్యాహ్నం కునుకు పట్టినప్పుడు కల వచ్చింది. కనుమ కింది రాళ్ళమెట్ల దారిలో నీ వెనక నడుస్తున్నాను. నీ కాళ్ళకి ఎవరివో పెద్ద బూట్లు. ఎడమ బూటుకి తాడు లేక ఎర్ర రిబ్బను కట్టుకున్నావు, మన బడి రిబ్బను. నీ ముందు ఉన్ని టోపీల ముసలాళ్ళు. "ఏమే, ఆగవే" అని నేను అరిస్తే నువ్వు వెనక్కి తిరగలేదు. లేచేసరికి అరికాళ్ళు సలుపుతున్నాయి. ఇటుకలమీద పెట్టిన కాళ్ళు సలపడమేమిటో!

ఎంత బాగుందో చెప్పలేను. ఈసారి వెళ్ళినప్పుడు కూడా నా పేరున పుల్ల పెట్టు. ప్రతిసారీ పెట్టు.

మధులి


బిసౌనా,
వైశాఖం

మధులీ,

పదిలంగా ఉండు. లోపలి బిడ్డ కోసం మా నాయనమ్మ గోలూ దేవతకి గంట కడతానని మొక్కుకుంది.

నీ కల చదివి గుమ్మంలో విప్పిన బూట్ల వంక చూశాను. కంపెనీ ఇచ్చిన బూట్లు నాకు పెద్దవి. ఎడమ బూటు తాడు మొదటి రోజే తెగింది. రిబ్బను కట్టాను. ఎర్రదే. ఆ సంగతి నేను ఎవరికీ రాయలేదు. మన ఇద్దరిదీ ఒకటే ప్రాణమని బళ్ళో మాస్టారమ్మ అనేది గుర్తుందా? నిజమేనేమోనని సంతోషపడ్డాను. నువ్వడిగినట్టే రెండోసారీ మూడోసారీ నీ పుల్ల పెట్టాను.

కానీ ఈసారి ఒకటి జరిగింది. లక్నో నుంచి వచ్చిన ఒక టీచరమ్మ పచ్చిక మీద భోజనాల దగ్గర, "నీతో వచ్చిన ఆ రెండో అమ్మాయి తినదా?" అని అడిగింది. ఏ అమ్మాయి అన్నాను. "అదేనమ్మా, అందరికన్నా వెనక నడిచిందే, చేతిలో కొడవలి పట్టుకుని రాళ్ళమీద టక్కుటక్కుమని కొట్టుకుంటూ" అంది. ఎవరో గడ్డికొచ్చిన అమ్మాయి అయ్యుంటుందని చెప్పాను. రాళ్ళమీద కొడవలి కొట్టుకుంటూ నడిచేది మన ఊళ్ళో ఎవరో నాకు తెలుసు. నీకూ తెలుసు. పాములు పక్కకి తప్పుకుంటాయని నీకు మీ ఇజా నేర్పిన అలవాటు.

దిగేటప్పుడు ఖీమ్‌దా దగ్గర ఆగాం. బెల్లం ముక్క కొరుక్కుంటూ చాయ్ తాగుతుంటే, బల్ల చివర ఎవరూ లేనిచోట ఇంకో గ్లాసు కనబడింది.

"ఇదెవరికి ఖీమ్‌దా?"

"మీ వెనక పిల్లకి. అలా మిడిగుడ్లేసుకుని చూస్తావేం? తాగేసి పోయిందిగా."

గ్లాసు అడుగున ఆకు తప్ప ఏమీ లేదు. ఖీమ్‌దాకి చూపు ఆనదని నీకూ తెలుసు కదా. ఆ మాటే నాకు నేను చెప్పుకుంటూ దిగాను.

ఒక్కటి అడుగుతాను. ఆ కల వచ్చే మధ్యాహ్నాలు ఏవో రాయగలవా? నేను కొండెక్కిన రోజులేనా?

నీ
హంసా


హల్ద్వానీ,
వైశాఖం చివర

హంసా,

నువ్వెక్కిన రోజులే. ఖీమ్‌దా చాయ్‌లో అల్లం ఎక్కువేస్తున్నాడు, చెప్పు.

భయపడకు. నాకు భయం లేదు. ఇంత బాగా నేనెప్పుడూ లేను. రెండేళ్ళుగా నా పేరు విన్నానా చెప్పు? అత్తగారికి కోడల్ని, ఆయనకి "ఏమోయ్"ని, డాక్టరమ్మకి చీటీ నంబరుని. ఆ దారిలో ఒక్కచోటే నేను మధులిని. బాంజ్ అడవిలో తడి ఆకుల వాసన. బుగ్గవాగు నీళ్ళు పళ్ళు జివ్వుమనేలా. మా ఇంటి కప్పుమీద పరిచిన పలకరాళ్ళు పైనుంచి కనిపిస్తాయి. ఇజా ఎండలో ఉలవలు ఆరబోస్తోంది. కిందికి దిగిపోదామనుకుంటాను, కాళ్ళు కనుమ దగ్గరే ఆగిపోతాయి.

మొన్న అత్తగారు దుప్పటి మారుస్తూ ఆగిపోయింది. "కోడలా, నీ కాళ్ళకి బురదేమిటే?" అంది. నేను లేవలేదని ఆవిడకి తెలుసు, పొద్దుట్నుంచి పక్కనే కూర్చుని బియ్యం ఏరుతోంది. చీర కుచ్చిళ్ళకి గడ్డిముళ్ళు అంటుకున్నాయి. ఈ ఊళ్ళో ఆ ముళ్ళెక్కడివి? పాత చీర, పెట్టెలోంచి తీశానని ఏదో చెప్పాను. ఇప్పుడు లేవగానే ముందు ముళ్ళు ఏరుకుని తలగడ కింద దాచుకుంటున్నాను.

ఇంకోటి. ఇది మా ఇజాకి చెప్పొద్దు. ఆ దారిలో నాకు కడుపుండదు హంసా. పెళ్ళికి ముందున్నట్టు తేలిగ్గా ఉంటాను. బిడ్డ ఇక్కడే, మంచంమీద ఉండిపోతుంది. లేచాక పొట్టమీద చెయ్యి వేస్తే కాసేపు చల్లగా ఉంటుంది, కదలదు. తర్వాత మెల్లగా కదులుతుంది. మొదట్లో వెంటనే కదిలేది. ఇప్పుడు కాస్త ఆలస్యమవుతోంది. డాక్టరమ్మ నా బరువు తగ్గుతోందంటోంది.

అయినా నువ్వు పుల్ల మానకు. ఒట్టు.

మధులి


బిసౌనా,
జ్యేష్ఠం

మధులీ,

ఒట్టు తప్పాను. పోయినసారి నీకు పుల్ల పెట్టలేదు. అయినా నువ్వొచ్చావు. బాంజ్ అడవి మొదలుకుని నా వెనక కొడవలి చప్పుడు ఆగలేదు. ఇక ఆగలేక నాయనమ్మకి అంతా చెప్పాను.

ఆవిడ చేతిలో ఉన్న మజ్జిగకవ్వం అలాగే ఆగిపోయింది. "పుస్తకాలు చదివిన మొహమా! నడవని మనిషికి పుల్ల పెట్టావా?" అంది. "వీపున మోసే బిడ్డకి తల్లి పెడుతుంది, ఎందుకంటే బిడ్డ కాళ్ళు తల్లివే కనక. నడవనిదాని పేరున పుల్ల పెడితే అవ్వ దాన్ని నడిపిస్తుందే. అలసట తీసుకునేది అవ్వ. ఇచ్చేది కూడా అవ్వే."

పుల్ల తీసేస్తానన్నాను. తీయకూడదట. ఆ కుప్పలోంచి ఎవరు పుల్ల తీసినా, దాన్ని పెట్టినవాళ్ళ అలసటంతా తీసినవాళ్ళది. పైగా తరతరాల పుల్లల్లో నీది ఏదని వెతకను? దారి ఒక్కటే ఉందంది. కనుమ మీద నిలబడి నిన్ను పేరుపెట్టి పిలవాలి. వెనక్కి చూడకుండా, ఇంటికి పొమ్మని. పిలుపు విన్నది ఇంటికి పోయి ఒంట్లో చేరుతుంది. ఇక నడవదు.

ఎల్లుండి ఢిల్లీ వాళ్ళ గుంపు వస్తోంది. వానలకి ముందు ఇదే ఆఖరిది. ఆ రోజే పిలుస్తాను. నీ బిడ్డ కోసం పిలవక తప్పదు. నన్ను క్షమించమని అడగను. బిడ్డని ఒళ్ళో పెట్టుకున్నాక నువ్వే క్షమిస్తావు.

నీ
హంసా


హల్ద్వానీ,
జ్యేష్ఠం

హంసా,

వద్దు.

కాళ్ళు పట్టుకుంటాను, ఇప్పుడే పిలవకు. కాఫల్ పళ్ళు రంగు తిరిగాయి, పోయినసారి చూశాను. ఒక్కసారి చెట్టు కింద నిలబడి, నోరంతా ఎర్రబడేలా తిని వచ్చేస్తాను. ఇంకొక్కసారి. ఆ తర్వాత నువ్వు పిలవక్కర్లేదు, నేనే రాను.

నీకేం తెలుసు? నీకు కొండ ఉంది, ఉద్యోగం ఉంది, పొద్దున లేస్తే నీ పేరు పిలిచే మనుషులున్నారు. నాకు మధ్యాహ్నం కునుకు ఒకటే ఉంది. దాన్ని కూడా లాక్కుంటావా? బిడ్డ బిడ్డ అంటావు. నేను ఎవరి బిడ్డనే?

నిన్న అత్తగారు నా తలగడ కింద ముళ్ళు చూసింది. పక్కింటావిడని పిలిచి గుమ్మానికి ఇనుపమేకు కొట్టించింది. నాకు నవ్వొచ్చింది. నేను గుమ్మంలోంచి పోతానా ఏం?

వద్దు హంసా. మన స్నేహంమీద ఒట్టు.

మధులి

ఇది ఇంకో కలంతో రాస్తున్నాను. ఉత్తరం అంటించబోతూ ఆగాను. నిన్న మధ్యాహ్నం లేచినప్పటినుంచి లోపల కదలిక లేదు. రాత్రంతా చెయ్యి వేసి పడుకున్నాను. చల్లగా ఉంది. ఇప్పుడు, ఇప్పుడే, ఒక్కసారి చేపపిల్లలా తాకింది. ఒక్కసారే.

పిలువు హంసా. కాఫల్ వద్దు. త్వరగా పిలువు.


బిసౌనా,
ఆషాఢం, వాన పడుతోంది

మధులీ,

నీ ఉత్తరం అందేసరికే పిలిచేశాను. ఆ తర్వాత కబురే లేదు నీ దగ్గర్నుంచి. ఎలా ఉన్నావు? ఒక్క గీత రాసినా చాలు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఢిల్లీ వాళ్ళని ముందు పొమ్మన్నాను. వాళ్ళలో ఒకబ్బాయి "మీ ఫ్రెండ్ కోసం ఆగారా?" అని నవ్వి వెళ్ళాడు. కనుమ మీదికి పొగమంచు కమ్ముకొచ్చింది. కట్టెలవ్వ కుప్ప కూడా మసగ్గా కనిపిస్తోంది. మనం గడ్డిమోపులు దింపుకుని ఒకరికోసం ఒకరం ఆగే రాయి ఉంది కదా, దానిపక్కన నిలబడ్డాను. కింద బుగ్గవాగు దగ్గర నువ్వెప్పుడూ ఆలస్యం చేసేదానివి. రోజూ పిలిచినట్టే, అదే రాగంతో, గొంతెత్తి పిలిచాను.

"మధులీ... చీకటి పడుతోందే... ఇంటికి పోదాం రా..."

మూడోసారికి "ఓ..." అని పలికావు. అదే గొంతు. నాకు ఏడుపొచ్చింది, కానీ వెనక్కి తిరగలేదు. టక్కు, టక్కు, రాళ్ళమీద కొడవలి దగ్గరైంది. నా పక్కనుంచి వెళ్ళింది. పచ్చిగడ్డి వాసన వేసింది. నన్ను దాటి, కిందికి దిగిపోయింది. నా గుండె తేలికపడింది. ఇంటికి పోయావనుకున్నాను.

ఇంటికొచ్చి నాయనమ్మకి చెప్పాను. ఆవిడ ఒకటే అడిగింది, "ఏ వైపు నిలబడి పిలిచావే?"

మన వైపు. ఊరివైపు. చిన్నప్పటినుంచీ నేను ఇంకోవైపు ఎప్పుడు నిలబడ్డాను మధులీ? ఇంటికి రా అంటే నాకు తెలిసిన ఇల్లు ఇదే.

నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. "డోలీలో కనుమ దాటిన రోజు అది తన చేత్తో పుల్ల పెట్టి పోయిందే. దాని ఒళ్ళు ఆవలివైపుంది, దాని ఇల్లు ఆవలివైపుంది. రోడ్డువైపు నిలబడి అటు పొమ్మనాలి. నువ్వు దాన్ని పుట్టింటికి పిలుచుకొచ్చావు."

మర్నాడు పొద్దున మీ ఇంటికి వెళ్ళాను. మీ ఇజా పశువులపాక ముందు నిలబడి ఉంది. గుమ్మం దగ్గర తడిగడ్డి మోపు. నువ్వు కట్టే ముడి, రెండుసార్లు తిప్పి లోపలికి దోపే ముడి. గోడకి మేకున వేలాడే నీ పాత కొడవలి లేదు. నేను నోరు తెరవబోతే మీ ఇజా వేలు పెదాలమీద పెట్టుకుంది. "అడక్కే తల్లీ" అంది. "అడిగితే పోతుంది."

ఆవిడ పొయ్యిమీద రెండు రాగిరొట్టెలు కాలుతున్నాయి.

కబురు రాయి. బిడ్డ కదులుతోందా? నువ్వు కదులుతున్నావా?

హంసా


హల్ద్వానీ,
భాద్రపదం

హంసా గారికి నమస్కారములు.

మీరు రాసిన ఉత్తరాలు అన్నీ అందినవి. జవాబు ఆలస్యమైనందుకు మన్నించగలరు. ఇక్కడ అందరం క్షేమం. ఆషాఢం నుంచి నా ఆరోగ్యం చాలా బాగుపడింది. ఆకలి వేస్తోంది, మధ్యాహ్నం పడుకుంటే కలలు రావు. నెల నిండి ఆడపిల్ల పుట్టింది. బరువు బాగుందని డాక్టర్ గారు చెప్పారు. నామకరణం కూడా బాగా జరిగింది. మా అత్తగారు నన్ను చూసి సంతోషిస్తున్నారు. ఇదివరకు చైత్రం వస్తే ఊరికే ఏడ్చేదాన్నట. ఎందుకో నాకు గుర్తులేదు.

మీరు కాఫల్ అనే పళ్ళ గురించి రాశారు. బస్సు కండక్టరు చేత పంపిన బుట్ట అప్పట్లో అందింది. తిన్నాను. పులుపు, లోపల గింజ. పక్కింటి పిల్లలకి పెట్టేశాను.

మీరు అడిగిన కనుమ, కొడవలి మొదలైనవాటి గురించి నాకు ఏమీ చెప్పడానికి లేదు. మా అమ్మగారికి నమస్కారాలు చెప్పగలరు. ఆవిడకి ఒంటరితనం లేకుండా చూసుకుంటున్నారని రాశారు, సంతోషం.

పాప మంచిపిల్ల. ఉయ్యాల కొండలవైపు కిటికీ దగ్గర వేస్తే మాత్రం చెయ్యి చాచి ఏడుస్తోంది. అందుకని ఇవతలికి మార్చి కిటికీ మూయించాం.

ఇట్లు,
శ్రీమతి దీవాన్ సింగ్ బిష్ట్


కట్టెలవ్వ కనుమ,
ఆశ్వయుజం

గడ్డి కోసే మధులికి,

ఈ కాగితాన్ని మనం ఆగే రాయికింద పెడుతున్నాను. హల్ద్వానీ నుంచి నాకు ఉత్తరం రాసినామె చెయ్యి నీదే, అక్షరాలు నీవే, కానీ ఆమె నువ్వు కాదు. నువ్వెక్కడున్నావో నాకు తెలుసు.

వానలు వెలిశాయి, గుంపులు మళ్ళీ మొదలయ్యాయి. ఎక్కిన ప్రతిసారీ రోడ్డువైపు నిలబడి నిన్ను పిలిచాను. నాయనమ్మ చెప్పినట్టే. గొంతు బొంగురుపోయింది. నువ్వు పలకలేదు. ఊరివైపునుంచి, కింద మీ పాక దగ్గర్నుంచి, గడ్డి కోస్తున్న చప్పుడు మాత్రం వినబడింది. నీకు వెళ్ళాలని లేదు. నిన్ను నేనెలా తప్పుపట్టను? మీ ఇజా మొహం చూశాను. రెండేళ్ళ తర్వాత ఆవిడ జుట్టుకి నూనె రాసుకుంది.

కానీ నీకు తెలియని సంగతి ఒకటుంది. తెలిస్తే వెళ్తావని రాస్తున్నాను. నీకు ఆడపిల్ల పుట్టింది. బతికింది, బాగుంది. కొండలవైపు కిటికీలోకి చెయ్యి చాచి ఏడుస్తోందట. అక్కడ దాన్ని ఎత్తుకునే మనిషి ఉంది, పాలు ఇస్తుంది, ఉయ్యాల ఊపుతుంది. దాని ఏడుపు ఎందుకో తెలిసిన మనిషి లేదు. ఆ మనిషివి నువ్వే.

నీ కూతురి దగ్గరికి పో మధులీ. ఇంకేమీ అడగను.

హంసా


ఖీమ్‌దా టీకొట్టు,
ఆశ్వయుజం

మధులీ,

కింద రోడ్డుమీద బస్సు ఆగి ఉంది, కండక్టరు చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. నువ్వు నన్ను గుర్తుపట్టకపోయినా పర్వాలేదు. పిచ్చిదని అనుకున్నా సరే. చివరిదాకా చదువు.

నేను ఒక కాగితాన్ని కనుమ మీద రాయికింద పెట్టాను. నీ కూతురి సంగతి అందులో రాశాను. ఆ సంగతి చెబితే ఒకామె నీ దగ్గరికి వస్తుందనుకున్నాను. నిన్న గుంపుతో ఎక్కితే రాయికింద కాగితం లేదు. కట్టెలవ్వ కుప్పమీద అన్నిటికన్నా పైన ఒక పుల్ల ఉంది. పచ్చిది, చిటికెనవేలంత, కొడవలితో ఏటవాలుగా కోసింది. అంత చిన్న పుల్ల ఎవరి పేరున పెడతారో ఈ కొండల్లో పుట్టిన ఎవరికైనా తెలుసు. బిడ్డని వీపున కట్టుకున్న తల్లి మాత్రమే పెడుతుంది.

చైత్రంలో వచ్చిన మిత్రా బాబే మళ్ళీ వచ్చాడు. ఇవాళ దిగేటప్పుడు పదేపదే వెనక్కి చూశాడు. "అమ్మాయ్, పసిగుడ్డుతో ఈ దారెందుకు? చలికి దాని పాదాలు చూడు, బయటే ఉన్నాయి" అన్నాడు. నేను వెనక్కి తిరగలేదు. పసిపిల్ల నవ్వు వినబడింది. అంత ముద్దుగా నవ్వుతోంది మధులీ.

ఖీమ్‌దా బల్ల చివర ఇవాళ చాయ్ గ్లాసు లేదు. "బిడ్డతల్లి కదా, పాలు పోశాను" అన్నాడు. గ్లాసు ఖాళీగా ఉంది.

ఇప్పుడు నేను చెప్పింది చెయ్యి. కిటికీ మూసే ఉంచు. మధ్యాహ్నాలు పాపని ఒంటరిగా పడుకోబెట్టకు, ఒళ్ళోనే ఉంచుకో. లేచినప్పుడు దాని పొట్టమీద చెయ్యి వేసి చూడు, చల్లగా ఉందేమో. ఇంకా నేలమీద అడుగు పెట్టని దాని అరికాళ్ళు తిప్పి చూడు.

మట్టి ఉంటే నాకు వెంటనే రాయి. నేను కనుమకి పోతాను. ఈసారి తప్పు చేయను, రోడ్డువైపు నిలబడతాను. నువ్వున్న వైపు, నీ ఇంటివైపు. గొంతు ఉన్నంతవరకు పిలుస్తాను. తల్లి రాకపోయినా పిల్లనైనా పంపమని అవ్వ కాళ్ళమీద పడతాను.

కానీ పేరుపెట్టి పిలవాలి మధులీ. నామకరణం జరిగిందన్నావు, పేరేమిటో మాత్రం రాయలేదు.

పాప పేరేమిటి?

హంసా